నలభై ఒకటో టోపీ

గిల్సుకి మాటలు తక్కువ. పొద్దున్నుంచి సాయంత్రం దాకా వెల్లుల్లి చేలో ఉండి, ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుంటూ "వాన వచ్చేట్టుంది" అన్నాడంటే ఆ రోజుకి అతని మాటలు అయిపోయినట్టే. అలాంటివాడు ఆ సోమవారం పొద్దున ట్రక్కు నడుపుతూ కూనిరాగం తీశాడు. పక్కన కూర్చున్న దియెమ్ కిటికీ వైపు తిరిగి నవ్వు దాచుకుంది. తను చూస్తే ఆపేస్తాడని ఆమెకు తెలుసు.

పట్నంలో వలసల ఆఫీసుకు వెళ్తున్నారు. పెళ్లి చేసుకుని ఈ దేశం వచ్చిన మనిషికి ఒక కార్డు ఇస్తారు. అది చేతికొస్తే దియెమ్ ఇక సత్‌గోల్ ఊరి మనిషి. వీసా కోసం ఏడాది పైన తిరిగారు, అతను ఇక్కడ కొరియాలో, ఆమె అక్కడ వియత్నాంలో. పెళ్లి ఫోటోలు, ఆదాయం లెక్కలు, భాష పరీక్ష. మీరిద్దరూ ఎలా కలిశారో రాయమంటే గిల్సు ఒకటే వాక్యం రాశాడు: "మా చేలో వెల్లుల్లి పీకడానికి వచ్చింది." ఇది చాలదని తిప్పి పంపారు. ఇంకో వాక్యం కలిపాడు: "బాగా పీకింది." ఎవరికి జాలేసిందో గాని వీసా వచ్చింది.

ఆఫీసులో కౌంటరు వెనక ఉన్నావిడ పాస్‌పోర్టు చూసింది, తెర చూసింది, మళ్లీ పాస్‌పోర్టు చూసింది.

"ఈవిడ సీజను కూలీగా వచ్చారండీ," అంది.

"నా భార్య," అన్నాడు గిల్సు.

"కాదని నేననట్లేదు. విమానాశ్రయంలో మాత్రం సీజను కూలీ కింద లోపలికి తీసుకున్నారు. అక్టోబరు దాకా ఉండొచ్చు. తర్వాత వెళ్లిపోవాలి."

"భార్య వీసా ఉంది కదా."

"ఉంది. దాని మీద అదే రోజు ఇంకెవరో వచ్చేసినట్టు చూపిస్తోంది."

దియెమ్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "అయ్యో, ఆరో పిన్ని!" అంది.

జరిగింది ఇది. జిల్లా ఆఫీసు వాళ్లు ఏటా వెల్లుల్లి పీకే రోజులకి వియత్నాం నుంచి కూలీలను పిలిపిస్తారు. దియెమ్ కూడా రెండు సీజన్లు అలా వచ్చినదే, అలాగే గిల్సు కంట్లో పడింది. ఈసారి ఆమె పెళ్లికూతురుగా ఎక్కిన విమానంలోనే ఈ ఏడాది కూలీల గుంపూ ఎక్కింది. అందరూ వియత్నాంలో ఆమె జిల్లా వాళ్లే, నలభై మంది, నలభై నారింజ రంగు టోపీలు. పక్క సీట్లో ఒకావిడ పడింది. యాభై దాటిన మనిషి. ఇంట్లో ఆరో సంతానం, వాళ్ల వైపు అలాగే పిలుస్తారు కాబట్టి ఊరందరికీ ఆరో పిన్ని. విమానం ఎక్కడం అదే మొదలు. విమానం లేచేటప్పుడు దియెమ్ చెయ్యి పట్టుకుంది, దిగాక కూడా వదల్లేదు. గుంపును తీసుకెళ్లడానికి వచ్చిన గుమాస్తా, ఈ పిల్ల నెత్తిన టోపీ లేదేమిటని, సంచిలో మిగిలిన ఒక టోపీ తీసి పెట్టేశాడు. కౌంటరు దగ్గరికి రాగానే పిన్నికి నోరు పెగల్లేదు. దియెమ్ ఇద్దరి పాస్‌పోర్టులూ కలిపి ఇచ్చి, పిన్ని తరఫున తనే జవాబులు చెప్పింది. అవతల కుర్రాడు వరసగా కూలీలను పంపి పంపి అలసిపోయి ఉన్నాడు. ఇద్దరినీ లోపలికి పంపాడు గాని ఒకరి హోదా ఇంకొకరికి వేసేశాడు. చేతికిచ్చిన చీటీ దియెమ్ చూసుకోలేదు. బయట గిల్సు పూలగుత్తి పట్టుకుని, దాన్ని ఎలా పట్టుకోవాలో తెలియక, వెల్లుల్లి కట్టలాగా తలకిందులుగా పట్టుకుని నిలబడి ఉన్నాడు మరి. ఆ రోజు బస్సు దగ్గర గుమాస్తా టోపీలు లెక్కపెడితే నలభై ఒకటి వచ్చాయని అందరూ నవ్వుకున్నారు కూడా.

కౌంటరావిడ మంచిది. విమానాశ్రయానికి ఫోను చేసింది, జిల్లా ఆఫీసుకు చేసింది, ఫోను పెట్టేసి చెప్పింది.

"పొరపాటు వాళ్లదేనని ఒప్పుకున్నారు. కానీ ఒకరిది మారిస్తే రెండోవారిదీ మారాలి. ఇద్దరు ఆడవాళ్లూ, మీరూ, ముగ్గురూ కలిసి విమానాశ్రయానికి వెళ్లాలి. శుక్రవారం పొద్దున జిల్లా వాళ్లు కూలీలందరి పేర్లూ రిజిస్టరు చేయించేస్తారు. ఆలోపు వెళ్తే పావుగంట పని. ఆ తర్వాతైతే రాజధాని దాకా పోతుంది. తేలేసరికి అక్టోబరు దాటుతుంది. ఈవిడ వెనక్కి వెళ్లి, వీసా మళ్లీ మొదట్నుంచి..."

మొదట్నుంచి అనే మాట గిల్సు చెవిలో ఉండిపోయింది. ట్రక్కు తిరుగు దారి పట్టింది. కొండ మలుపు దగ్గర దియెమ్ అంది, "పొద్దున తీశారే, ఆ రాగం, మళ్లీ తీయండి."

"విన్నావా?"

"ఊరంతా వింది."

అతను తీయలేదు.

ఇంటి దగ్గర అమ్మ మల్‌సున్ అరుగు మీద కూర్చుని ముల్లంగి ఆకులు ఏరుతోంది. డెబ్బై ఏళ్లు దాటాయి, నోరు మాత్రం పాతికేళ్ల దగ్గరే ఆగింది. అంతా విన్నది.

"అయితే సర్కారు లెక్కలో నా కోడలు ఎవరు?"

"ఆరో పిన్ని," అంది దియెమ్ తల దించుకుని.

"వయసు?"

"యాభై రెండు, అత్తయ్యా."

"పోనీలే. పులుసు పెట్టడం వచ్చి ఉంటుంది, నీలాగా నీళ్లు కాచదు." అని ఆకులు పక్కన పెట్టింది. "ఎక్కడుంది నా పెద్దకోడలు? పిలుచుకురండి."

గిల్సు గొంతు సవరించుకున్నాడు. "తక్ పెద్దాయన చేలో వేశారంట."

మల్‌సున్ మళ్లీ ఆకులు దగ్గరికి లాక్కుంది.

కొండవతల ఊరి తక్ పెద్దాయనతో ఆవిడకి మాటల్లేక ఆరేళ్లు. ఒక ఏడాది ఆయన విత్తనం కుళ్లిపోతే మల్‌సునే పిలిచి రెండు బస్తాల గడ్డలు ఇచ్చింది. ఆ విత్తనంతో పండించి ఆయన వెల్లుల్లి పండగలో మొదటి బహుమతి కొట్టాడు. వేదిక మీద మెడలో రిబ్బను వేసి, రహస్యం ఏమిటండీ అని అడిగితే, "ఏముంది, అంతా నా చేతి చలవ," అన్నాడు. మల్‌సున్ ముందు వరసలో కూర్చుని చప్పట్లు కొడుతోంది అప్పుడు. కొడుతున్న చేతులు అక్కడే ఆగిపోయాయి. అప్పట్నుంచి ఒకే బస్సెక్కినా ఒకరు ముందు, ఒకరు వెనక.

మంగళవారం గిల్సు, దియెమ్ కొండ దాటారు. తక్ చేలో పని జోరుగా ఉంది. శుక్రవారం రాత్రికి వాన అని రేడియో చెబుతోంది. తడిసిన వెల్లుల్లి నిలవుండదు, గడ్డ నల్లబడుతుంది. అందరి చేలూ సగం సగమే అయ్యాయి, గిల్సుదీ అంతే. నారింజ టోపీల మధ్య ఒకటి ఎగిరి గంతేసి చేతులు ఊపింది. ఆరో పిన్ని.

గిల్సు బియ్యపు కల్లు సీసా గట్టు మీద పెట్టి, విషయం మూడు ముక్కల్లో చెప్పాడు. మిగతాది దియెమ్ చెప్పింది.

తక్ సీసా వైపు చూశాడు, ఆకాశం వైపు చూశాడు. "ఒరేయ్ గిల్సూ, నీ బాధ నాకు తెలుసురా. కానీ మనిషిని రోజంతా వదిలితే నాకు మూడు సాళ్లు మిగిలిపోతాయి. వాన నీ పెళ్లాం కోసం ఆగుతుందా?"

"ఆగదు," అన్నాడు గిల్సు.

"నువ్వు బదులు పని చేస్తావా?"

"నేనూ వెళ్లాలి."

"అదే మరి. బదులు మనిషిని తీసుకురా, పంపుతా. మీ అమ్మకి చెప్పు, సాయం కావాలంటే నోరు తెరిచి అడగమని. నేను కాదన్నానా ఎప్పుడైనా?" అని బొరిగె అందుకున్నాడు.

పిన్ని ఈలోగా వాళ్ల దగ్గరికి వచ్చేసింది. దియెమ్ ఆమెకు వాళ్ల భాషలో సంగతి చెప్పింది. విని విని, పిన్ని గట్టు మీద చతికిలబడి నవ్వడం మొదలెట్టింది.

"అయితే నేనిప్పుడు కొత్త పెళ్లికూతుర్నా? ఊళ్లో మా ముసలాడికి తెలిస్తే కోళ్ల గూడు కూడా తాకట్టు పెట్టి వచ్చేస్తాడే! ఏడీ, పెళ్లికొడుకు ఏడీ?"

దియెమ్ గిల్సును చూపించింది. పిన్ని టోపీ వెనక్కి తోసి, అతన్ని పైనుంచి కిందదాకా చూసింది.

"నల్లగా ఉన్నాడు. మాటా పలుకూ లేదు. నాకొద్దు, నువ్వే ఉంచుకో."

"ఏమంటోంది?" అన్నాడు గిల్సు.

"బాగున్నారంటోంది," అంది దియెమ్.

ఇంటికొచ్చాక తక్ చెప్పిన మాట గిల్సు అమ్మకు చెప్పాడు. నోరు తెరిచి అడగమన్న ముక్క మింగేద్దామనుకున్నాడు గాని, అబద్ధం చెప్పడానికి ఇంకా ఎక్కువ మాటలు కావాలి, అందుకని అదీ చెప్పేశాడు. మల్‌సున్ కోడలి వైపు చూసింది. దియెమ్ వంటగదిలో, అత్తగారు నీళ్లన్న పులుసులో ఇంకాస్త సోయా ముద్ద కలుపుతోంది. అక్టోబరులో వెళ్లాల్సివస్తే ఈ పులుసు ఎవరు పెడతారో అన్నట్టు జాగ్రత్తగా కలుపుతోంది. ముసలామె "హుఁ" అని లేచి వెళ్లి పడుకుంది.

బుధవారం తెల్లవారుతూనే చూస్తే మంచం ఖాళీ. మేకుకు ఉండాల్సిన ఎండటోపీ లేదు. నడుముకు కట్టుకుని సాల్లో కూర్చునే మెత్తటి పీట కూడా లేదు.

ట్రక్కేసుకుని కొండ దాటేసరికి తక్ గట్టు మీద నిలబడి ఉన్నాడు, నోరు తెరిచి. చేను మధ్యలో, పొగమంచులో, మల్‌సున్ పీట మీద కూర్చుని చకచకా వెల్లుల్లి పీకుతోంది. అప్పటికే వెనక పాతిక అడుగుల సాలు ఖాళీ.

"ఏందిది?" అన్నాడు తక్.

"బదులు పని," అంది మల్‌సున్, తల ఎత్తకుండా. ఆరేళ్ల తర్వాత ఆయనతో ఆడిన మొదటి మాట అదే. "ఆ వియత్నాం ఆవిడ రోజు నాది. పంపించు."

"డెబ్బయ్యేళ్ల ముసల్దానివి, ఆవిడకి నువ్వు బదులా?"

"సాయంత్రం లెక్క చూసుకో. తక్కువైతే నా చేను నుంచి పీక్కో. ఈ విత్తనం ఎలా పీకాలో నాకు నువ్వు నేర్పక్కర్లేదు, ఇది ఎవరింటి విత్తనమో గడ్డ చూస్తేనే తెలుస్తోంది."

తక్ ముఖం ఎర్రబడింది. చలికో, మరిదేనికో. పిన్ని వైపు తిరిగి చెయ్యి విసిరాడు. "పో! పో! తొందరగా తీసుకుపోండి, ఈవిడ నా చేను మొత్తం పీకేసేలోపు!"

ట్రక్కులో సీటు ఒకటే, ముగ్గురూ ఇరుక్కుని కూర్చున్నారు. పిన్ని మధ్యలో. దారి పొడుగునా ఉడకబెట్టిన ఆలుగడ్డలు ఒలిచి ఇద్దరి నోట్లోనూ పెట్టింది, వద్దన్నా వినలేదు. సముద్రం మీద పొడుగాటి వంతెన ఎక్కగానే మళ్లీ దియెమ్ చెయ్యి పట్టుకుంది. "ఈ చెయ్యి పట్టుకునే కదా పిన్నీ కొంప ముంచావు," అంది దియెమ్. పిన్ని ఇంకా గట్టిగా పట్టుకుంది.

విమానాశ్రయంలో మెట్ల వెనక ఒక చిన్న గది. బల్ల అవతల ఇద్దరు. ఒకడు కుర్రాడు, చెవులు ఎర్రగా కందిపోయి ఉన్నాయి. వీళ్లను చూడగానే లేచి నడుం వంచి దండం పెట్టాడు. "ఆ రోజు కౌంటర్లో నేనేనండి. క్షమించాలి." రెండో ఆయన పెద్ద అధికారి. ముఖం మీద గీత కదలదు. పాస్‌పోర్టులు, చీటీలు, పెళ్లి కాగితాలు ఒక్కొక్కటే తిప్పాడు.

"మావాడి పొరపాటు సరే. కానీ కూలీగా వచ్చినవాళ్లు తర్వాత వచ్చి నేను ఫలానావారి భార్యనని చెప్పడమూ మేం చూశాం. కాబట్టి నేను భర్తనే అడగాలి." అని గిల్సు వైపు, ఆడవాళ్ల వైపు చూశాడు. "వీళ్లలో మీ భార్య ఎవరు?"

ఆరో పిన్ని చెయ్యి ఠక్కున లేచింది. "నేనండీ!" అంది గట్టిగా.

పాపం, బయల్దేరే ముందు కూలీలకు నేర్పించిన పాఠం అది. అధికారి మీ వైపు చూసి ఏదైనా అడిగితే చెయ్యెత్తి ఈ మాట చెప్పాలి. ఆమెకు వచ్చిన కొరియా భాష కూడా అదే. దియెమ్ కళ్లు మూసుకుంది. కుర్రాడి చెవులు ఇంకా కందాయి. పెద్దాయన కలం ఆగిపోయింది.

"ఏమండీ," అన్నాడాయన నెమ్మదిగా. "మీరే చెప్పండి."

గిల్సు మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు. గోళ్లలో మట్టి. అతను మాట్లాడడని దియెమ్‌కి భయమేసింది. మాట్లాడాడు.

"ఈ పెద్దావిడని నిన్ననే చూశానండి. నల్లగా ఉన్నానని వద్దంది."

దియెమ్ ఉలిక్కిపడింది. అతనికి అర్థం కాలేదనుకుంది ఆ మాట. ముఖం చూసి అర్థం చేసుకున్నాడన్నమాట.

"ఈమె నా భార్య. రెండు సీజన్లు మా చేలో పనిచేసింది. వెల్లుల్లి కట్టలు కట్టేటప్పుడు అందరూ కుడిచేత్తో ముడి వేస్తారు. ఈమె చివరి ముడి ఎడమ చేత్తో వేస్తుంది. చూడగానే తెలుస్తుంది. రెండో సీజను అయిపోయి ఈమె వెళ్లిపోయాక, ఆ కట్టలు అమ్మలేకపోయాను."

"ధర లేకా?"

"ధర ఉంది. బాగానే ఉంది." గిల్సు అరచేతులు మోకాళ్లకు రుద్దుకున్నాడు. "చూరుకి వేలాడదీశాను. మొలకలొచ్చాయి. మా అమ్మ తిట్టింది. పెళ్లి అయ్యాక కూడా తియ్యలేదు, ఈమె అక్కడే ఉంది కదా. ఎండి గుల్లయ్యాయి. మొన్న ఈమె వస్తోందని తెలిసి, చూస్తే నవ్వుతుందేమోనని, పాకలో వెనక్కి మార్చాను."

ఒక్క ఊపులో అంత మాట్లాడి అతనికి ఆయాసం వచ్చింది. దియెమ్ అతన్నే చూస్తోంది. ఇంట్లో అడుగుపెట్టి ఇన్ని రోజులైంది, పాక వెనక ఏముందో ఆమెకు తెలియదు.

"మొలకలొచ్చేదాకా ఉంచారా?" అన్నాడు పెద్ద అధికారి.

"ఉంచాను."

"మాదీ వెల్లుల్లి ఊరే," అన్నాడాయన. కుర్రాడి వైపు గడ్డం ఎత్తాడు. కుర్రాడు ఈసారి పాస్‌పోర్టులు ఒకటొకటిగా తీసుకున్నాడు. ఒకటి పూర్తయి, చీటీ వచ్చి, దాన్ని పైకి చదివి, మనిషి చేతిలో పెట్టాకే రెండోది తెరిచాడు. దియెమ్ చీటీని ఇటు చదివి అటు చదివి గిల్సుకు ఇచ్చింది. అతను చదివి, మడిచి, చొక్కా లోపలి జేబులో పెట్టి, పైనుంచి ఓసారి తట్టాడు.

బయటికొచ్చాక పిన్ని అడిగింది, "ఇంతకీ నేనెవరిని ఇప్పుడు?"

"కూలీవి, పిన్నీ."

"హమ్మయ్య. ఆ ముసలమ్మని చూశాక, అలాంటి అత్తగారు నాకొద్దనిపించింది."

తిరుగు దారిలో వంతెన దిగగానే గిల్సు కూనిరాగం అందుకున్నాడు. ఇద్దరు ఆడవాళ్లూ అటు కిటికీ వైపు తిరిగారు.

పొద్దు కుంకేవేళకి తక్ చేనుకి చేరారు. దూరం నుంచే కేకలు వినిపించాయి. గిల్సు ట్రక్కు దిగి పరిగెత్తాడు. చూస్తే మల్‌సున్, తక్ ఒకే సాల్లో ఎదురెదురుగా పీటల మీద కూర్చుని ఉన్నారు. ఈ ఆఖరి సాలు ఆవిడ ఆ చివర మొదలెడితే, ఈవిడ ముందు తగ్గడమేంటని ఆయన ఈ చివర మొదలెట్టాడట. మధ్యలో కలిశారు. మధ్యలో ఉన్న ఒక్క వెల్లుల్లి మొక్క ఎవరిదన్న దగ్గర తగాదా.

"నాది, నా వైపు వంగి ఉంది!"

"గాలికి వంగిందమ్మా, గాలికి!"

"వేదిక మీద కూడా ఇలాగే చెప్పావు, నీ చేతి చలవని!"

తక్ బొరిగె కింద పెట్టాడు. "పొద్దున్నుంచి ఈ మాట అనడం ఎన్నోసారో తెలుసా? ఒరేయ్ గిల్సూ, మీ అమ్మ ఆరేళ్లవి అన్నీ ఈ ఒక్క రోజే అనేసిందిరా! చెవులు హోరెత్తిపోతున్నాయి. ఒప్పుకున్నా. విత్తనం ఆవిడదే. వచ్చే పండక్కి మైకులో చెబుతా, చాలా?"

"ఇప్పుడు చెప్పు, ఈ గుంపు ముందు."

నారింజ టోపీలన్నీ పని ఆపి చూస్తున్నాయి. తక్ లేచి, నడుం పట్టుకుని, గొంతు పెంచి చెప్పాడు. ఒక్కరికీ అర్థం కాలేదు గాని అందరూ చెయ్యెత్తి "నేనండీ!" అన్నారు.

మల్‌సున్ ఆ చివరి మొక్కను పీకి ఆయన బుట్టలో వేసింది. అప్పుడు తిరిగి కొడుకు ముఖం చూసింది. గిల్సు జేబు తట్టి చూపించాడు. ముసలామె లేవబోయి, మోకాళ్లు సహకరించక, కోడలి వైపు చెయ్యి చాచింది. దియెమ్ రెండు చేతులా లేపింది. లేచాక కూడా ఆ చెయ్యి వదల్లేదు.

"లెక్క చూశాను," అన్నాడు తక్. "ఆవిడకంటే సాలున్నర ఎక్కువ పీకావు. నేను బాకీ ఉండే మనిషిని కాదు. రేపు నలుగుర్ని వేసుకుని మీ చేనుకి వస్తా. వాన లోపు అయిపోవాలి."

"రా. అన్నం నా దగ్గరే. కల్లు మాత్రం నువ్వు తెచ్చుకో, నిన్న మావాడు ఇచ్చిన సీసా మిగిలుంటే."

గురువారం పొద్దున సత్‌గోల్ చేలో తక్ ఉన్నాడు, నలుగురు కూలీలున్నారు, ఆరో పిన్ని అందరికంటే ముందుంది. ఎండ చురుక్కుమంటోంది. పాక వెనక నుంచి ఎండి గుల్లైన రెండు కట్టలు ఎలా వచ్చాయో ఇంటి ముందు చూరుకి వచ్చి వేలాడుతున్నాయి. గిల్సు వాటి కింద నుంచి వెళ్తూ తల ఎత్తలేదు గాని చెవులు ఎర్రబడ్డాయి. దియెమ్ ఆ రోజు విమానాశ్రయంలో పెట్టిన నారింజ టోపీయే తగిలించుకుని సాల్లో దిగింది.

రొట్టెల బుట్ట తెచ్చిన మల్‌సున్ గట్టు మీద ఆగి వరసగా నారింజ టోపీలు లెక్కపెట్టింది. ఒకటి ఎక్కువైంది. నేరుగా వచ్చి కోడలి నెత్తి మీద టోపీ లాగేసింది.

"ఇది తీసెయ్యవే తల్లీ. మళ్లీ ఎవడైనా లెక్కలో వేసుకుపోతాడు."

అని తన వెడల్పాటి ఎండటోపీ తీసి ఆమె నెత్తిన పెట్టి, గడ్డం కింద దారం గట్టిగా ముడి వేసింది.

"అత్తయ్యా, మరి మీకు?"

"నాకు ఇది ఉందిగా," అని నారింజ టోపీ తను పెట్టుకుంది. అటువైపు నుంచి తక్ అరిచాడు, "ఏయ్ కొత్తగా వచ్చిన కూలమ్మా, పని చూడు, పని!"

మల్‌సున్ చెయ్యెత్తింది. "చిత్తం, దొరగారూ!" అని, పీట సర్దుకుని ఆయన పక్క సాల్లోనే కూర్చుంది.